కోడ్‌కి చెయ్యి లేదు: ఒక కార్డ్ లూప్ మెట్లెక్కిన కేసు

నేపథ్యం

లైవ్ కోడింగ్, అంటే కోడ్ రాస్తూ, మారుస్తూ అప్పటికప్పుడు సంగీతం పలికించడం, నేర్చుకుంటూ మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఈ కేసులోని కుర్రాడు వృత్తిరీత్యా ప్రోగ్రామర్. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాడు. శ్రుతి వెంట్రుకవాసి తగ్గినా పట్టేసే చెవి. కీబోర్డు, గిటారు మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) గురించి తెలిసిందంతా చదివి, వీడియోలు చూసి తెలుసుకున్నదే. పేరు, ఊరు, పని చేసే చోటు ఇక్కడ అక్కర్లేదు. పాట వివరాలు కూడా కొన్ని వదిలేశాను. అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, అసలు కథ వాటిలోనే ఉంది కాబట్టి.

అతను వాడింది సోనిక్ పై. 2012లో సామ్ ఆరన్ కేంబ్రిడ్జిలో, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద బడిపిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడం కోసం మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. రాసేది రూబీలో, పలికేది సూపర్‌కొలైడర్ అనే ధ్వని ఇంజిన్. ఇందులో లైవ్ లూప్ అని ఒకటుంది: లూప్ మోగుతుండగానే దాని కోడ్ మార్చి మళ్లీ రన్ కొట్టొచ్చు, తర్వాతి చుట్టు నుంచి కొత్త కోడ్ అందుకుంటుంది. కింద తీసుకున్న నిర్ణయాలు చాలావరకు ఈ ఒక్క సౌకర్యం వల్లే అలా తీసుకోవాల్సి వచ్చింది. వాయిస్తూ వాయిస్తూ కార్డ్స్ మార్చే మనిషికి, ముందే కూర్చుని రాసుకునే మనిషికి మందు ఒకటే కాదు.

పాట మోహనలో చిన్న వరస. సీ స్వరం షడ్జం. కింద నాలుగు కార్డ్స్, ఒక్కో బార్‌కి ఒకటి: సీ (C) మేజర్, ఏ (A) మైనర్, ఎఫ్ (F) మేజర్, జీ (G) మేజర్. సినిమా పాటల్లో వెయ్యిసార్లు విన్న వరసే.

వచ్చిన సమస్య

"అన్నా, కార్డ్స్ అన్నీ కరెక్టే. కానీ ఒక్కో కార్డ్ ఒక్కో పాటలోంచి కోసుకొచ్చి అతికించినట్టుంది." అతను చెప్పింది ఇదే. విన్నాను. నిజమే.

కోడ్ చూస్తే కారణం కనబడింది. నాలుగు కార్డ్స్‌నీ నాలుగో ఆక్టేవ్ (స్థాయి)లోనే అడిగాడు. సోనిక్ పైలో కార్డ్ ఫంక్షన్‌కి మూల స్వరం, రకం ఇస్తే మూల స్వరం కిందుంచి దానిపైన మిగతావి పేర్చి ఇస్తుంది. మిడి అంకెల్లో (పక్కపక్క స్వరాల మధ్య ఉండే అతి చిన్న మెట్టు, సెమీటోన్, ఎక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరుగుతుంది) చెబితే సీ 60, 64, 67. ఏ మైనర్ 69, 72, 76. ఎఫ్ 65, 69, 72. జీ 67, 71, 74. కార్డ్‌లోని ఒక్కో స్వరాన్ని ఒక్కో గొంతు పాడుతోందనుకుని, కార్డ్ మారినప్పుడల్లా మూడు గొంతులూ ఎంతెంత దూరం కదిలాయో సెమీటోన్లలో కూడమన్నాను. సీ నుంచి ఏ మైనర్‌కి 26, అక్కడి నుంచి ఎఫ్‌కి 11, ఎఫ్ నుంచి జీకి 6, జీ నుంచి మళ్లీ సీకి 21. ఒక చుట్టుకు 64.

కీబోర్డు వాయించే ఎవరూ ఇలా వాయించరు. వాళ్లకు సిద్ధాంతం తెలిసి కాదు, చెయ్యి బద్ధకిస్తుంది కాబట్టి. సీ నుంచి ఏ మైనర్‌కి పోవాలంటే రెండు వేళ్లు ఉన్నచోటే ఉంటాయి, ఒక్క వేలు జీ మీంచి ఏ మీదికి జరుగుతుంది. మొత్తం కదలిక 2 సెమీటోన్లు. దాన్నే పుస్తకాల్లో వాయిస్ లీడింగ్ అంటారు. కోడ్‌కి చెయ్యి లేదు. 60 నుంచి 69కి దూకినా, 60 దగ్గరే ఉన్నా దానికి పడే శ్రమ ఒకటే. కీబోర్డు మీద ఉచితంగా వచ్చే ఆ బద్ధకాన్ని ఇక్కడ ఎవరో రాయాలి. ఈ కుర్రాడికి కీబోర్డు అలవాటు లేదు కాబట్టి, ఏది లోపించిందో ఊహించడానికి కూడా ఆధారం లేదు.

నా దగ్గరికి రాకముందు చేసినవి

మొదట రివర్బ్ (మారుమోత) పెంచాడు. అతుకులు కనబడకుండా పోతాయనుకున్నాడు. రివర్బ్ చేసేది పాత కార్డ్ తోకను కొత్త కార్డ్ మీద పరచడం. ఏ మైనర్ పైన 76 ఇంకా మోగుతుండగా ఎఫ్ వస్తే అది ఎఫ్ మేజర్ సెవెన్ అయిపోతుంది. కొన్నిసార్లు బాగానే ఉంటుంది, ఇక్కడ బురద అయింది. తర్వాత నెమ్మదిగా మొదలయ్యే ప్యాడ్ సింత్ పెట్టాడు. దూకుడు అలాగే ఉంది, కాకపోతే మెత్తగా దూకింది.

ఆ తర్వాత చేసింది తెలివైన పనే. ఏ మైనర్, ఎఫ్, జీలను మూడో ఆక్టేవ్‌కి దించాడు. లెక్క 64 నుంచి 42కి తగ్గింది. ఐనా తృప్తి కలగలేదు, ఎందుకంటే మూడు గొంతులూ ఇంకా కట్టకట్టుకునే పైకీ కిందికీ పోతున్నాయి. ఎఫ్ నుంచి జీకి మూడూ కలిసి రెండు సెమీటోన్లు ఎక్కుతాయి. గొంతులు విడివిడిగా నడుస్తున్నట్టు వినపడదు, ఒకే దిమ్మె జరుగుతున్నట్టుంటుంది.

చివరగా ఇన్వర్షన్లు (అవే స్వరాలు, అడుగున ఉండేది మాత్రం వేరు) చేత్తో రాసుకున్నాడు. కార్డ్ ఫంక్షన్‌కి ఇన్వర్ట్ అనే ఆప్షన్ ఉంది: 1 ఇస్తే కింది స్వరం ఆక్టేవ్ పైకి పోతుంది, 2 ఇస్తే మరొకటి. ఏ కార్డ్‌కి ఏ ఇన్వర్ట్ అని జాబితా కట్టి ఈ నాలుగు కార్డ్స్‌కీ చక్కగా కుదిర్చాడు. వాయిస్తుండగా ఎఫ్ తీసేసి డీ మైనర్ పెట్టగానే అంతా చెదిరింది. చేత్తో రాసిన ఇన్వర్షన్ ఆ కార్డ్‌ది కాదు, దాని ముందున్న కార్డ్‌కీ దానికీ మధ్య ఉన్న సంబంధానిది. ఒక్క కార్డ్ మారిస్తే రెండు సంబంధాలు మారతాయి. టైడల్ సైకిల్స్ అనే మరో లైవ్ కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో కార్డ్ పేరు పక్కనే ఇన్వర్షన్, ఓపెన్, డ్రాప్ లాంటి అమరిక గుర్తులు పెట్టుకోవచ్చు. అక్కడా ఇదే తంటా.

కాబట్టి చేయించాల్సింది ఒకటే: ముందు కార్డ్ ఎక్కడుందో చూసి, కొత్త కార్డ్‌కి చోటు తనే వెతుక్కునే ఫంక్షన్.

మొదటి ఫంక్షన్, దాని లోపం

ప్రోగ్రామర్ కదా, వెంటనే రాసుకొచ్చాడు. పాత కార్డ్‌లో ప్రతి స్వరానికీ కొత్త కార్డ్‌లో అతి దగ్గరి స్వరం ఏదో చూసి అక్కడికి పంపడం. వినడానికి ఇదే సరైన నిర్వచనంలా ఉంటుంది. ఈ నాలుగు కార్డ్స్ మీద పెద్ద తేడా కనబడకపోవచ్చని, సీ నుంచి బీ ఫ్లాట్ మేజర్‌కి వెళ్లి చూడమన్నాను.

సీ అంటే 60, 64, 67. బీ ఫ్లాట్‌లో ఉన్నవి బీ ఫ్లాట్, డీ, ఎఫ్. 64కి దగ్గరిది ఎఫ్, అంటే 65. 67కి కూడా దగ్గరిది అదే 65. పైన బీ ఫ్లాట్ మూడు దూరంలో ఉంది. 60 అటు 58కీ ఇటు 62కీ సమాన దూరం, అతని కోడ్ 58 ఎంచుకుంది. మిగిలింది 58, 65, 65. డీ ఎక్కడా లేదు. కార్డ్ మేజరో మైనరో చెప్పే స్వరమే పోయింది. ఏ గొంతుకు ఆ గొంతు సొంతంగా నిర్ణయించుకుంటే ఇద్దరు ఒకే కుర్చీలో కూర్చుంటారు, ఒక కుర్చీ ఖాళీగా మిగులుతుంది. నిర్ణయం మొత్తం కార్డ్‌కి కలిపి జరగాలి.

రెండో వెర్షన్‌లో ఏ గొంతు ఏ స్వరానికి పోవచ్చో అన్ని పెర్ముటేషన్లూ వేశాడు. మూడు స్వరాలకు 6, నాలుగైతే 24, దానిపైన ఆక్టేవ్‌లు. పని చేస్తుంది, కానీ అంత అవసరం లేదు. పాత కార్డ్‌నీ కొత్త కార్డ్‌నీ కింది నుంచి పైకి వరసగా పేర్చి, కిందిదాన్ని కిందిదానికి, పైదాన్ని పైదానికి జత కడితే మొత్తం దూరం అంతకన్నా తగ్గదు. గొంతులు ఒకదాన్నొకటి దాటినందువల్ల ఎప్పుడూ లాభం రాదు. అందుకని చూడాల్సినవి ఇన్వర్షన్లు మాత్రమే: మూడు స్వరాల కార్డ్‌కి ఆక్టేవ్‌కి మూడు, నాలుగు స్వరాలకు నాలుగు. రెండు ఆక్టేవ్‌ల మేరలో ఉన్నవన్నీ జాబితా చేసి, ఒక్కోదానికీ దూరం కూడి, తక్కువ వచ్చింది తీసుకోవడమే. పది పన్నెండు లైన్ల పని. లైవ్‌లో వాడే కోడ్ చిన్నగా ఉండాలి. స్టేజి మీద చదువుకోలేని ఫంక్షన్ తప్పు చేసినప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు సీ 60, 64, 67. ఏ మైనర్ 60, 64, 69, ఖర్చు (మొత్తం కదలిక) 2. ఎఫ్ 60, 65, 69, ఖర్చు 1. వినగానే అతని మొహం మారింది. జీకి 6, తిరిగి సీకి 3. ఒక చుట్టుకు 12. మొదట్లో 64 ఉండేది.

మెట్లెక్కిన పాట

అంతా బాగుందని పంపించేసే సమయానికి అతనే ఆపాడు. "జీ దగ్గర నిషాదం పైకి పొడుచుకొస్తోంది అన్నా. మోహనలో అది లేదు." ఇంకాసేపు మోగనిస్తే మరో సంగతి తేలింది. చుట్టు చుట్టుకీ పాట పైకి పోతోంది.

ఇక్కడ కాస్త ఆగాలి, కేసు మొత్తానికి కీలకం ఇదే. ఎఫ్ 60, 65, 69 దగ్గర ఉంది. జీకి పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి కిందికి: 59, 62, 67. కదలిక 1, 3, 2, మొత్తం 6. రెండోది పైకి: 62, 67, 71. కదలిక 2, 2, 2, మొత్తం మళ్లీ 6. ఫంక్షన్‌కి రెండూ సమానమే. సమానమైతే జాబితాలో ముందున్నది తీసుకుంటుంది. అతను జాబితాని పైనుంచి కిందికి కట్టాడు కాబట్టి ప్రతిసారీ పైదారే గెలిచింది. అక్కడి నుంచి సీకి దగ్గరి చోటు 64, 67, 72. ఖర్చు 3 మాత్రమే, కానీ బయల్దేరిన చోటుకి ఒక ఇన్వర్షన్ పైన దిగాం. తర్వాతి చుట్టులోనూ ఎఫ్ నుంచి జీకి మళ్లీ 6కి 6. మూడు చుట్లకు సరిగ్గా ఒక ఆక్టేవ్ పైకి. ప్రతి అడుగూ చిన్నదే, చెవికి ఎక్కడా దూకుడు తగలదు, ఐనా పాట ఇల్లు వదిలి పోతోంది.

అతని చెవి అంకెల కన్నా ముందే పట్టుకుంది. పైదారిలో జీకి పైస్వరం 71, అంటే నిషాదం. మూడో చుట్టులో ఎఫ్‌కి పైస్వరం 77, అంటే మధ్యమం. మోహనలో లేని రెండు స్వరాలూ వంతులవారీగా అందరికన్నా పైన కూర్చున్నాయి. కార్డ్‌లో మధ్యన ఉన్న స్వరాన్ని చెవి రంగులా తీసుకుంటుంది, పైనున్న దాన్ని పాటలా తీసుకుంటుంది. కిందిదారి పడితే నాలుగు కార్డ్స్ పైస్వరాలూ ప, ద, ద, ప. మధ్యమం, నిషాదం ఉన్నాయి, కానీ లోపలే ఉన్నాయి. రాగం తెలిసిన తెలుగువాళ్లు కార్డ్స్ కట్టేటప్పుడు ఏ కార్డ్ పెట్టాలనే దాని మీద చాలా మల్లగుల్లాలు పడతారు. అదే కార్డ్‌ని ఏ అమరికలో పెట్టాలన్నది కూడా అంతే ముఖ్యమని నాకనిపిస్తుంది. ఎఫ్, జీ రెండూ మోహనకి పరాయి స్వరాలున్న కార్డ్సే. ఈ అమరికలో అవి ఒదిగిపోయాయి.

ఈ టై, అంటే రెండు దారుల ఖర్చూ సమానం కావడం, విప్పడానికి అతను సూచించింది దూరాలను వర్గం చేసి కూడటం. పెద్ద దూకుడుకి ఎక్కువ శిక్ష పడుతుంది కాబట్టి చాలామంది ఇదే చెబుతారు. వేసి చూశాం. కిందిదారి 1, 9, 4 కలిపి 14. పైదారి 4, 4, 4 కలిపి 12. పైదారే గెలిచింది, అదీ టై లేకుండా. వర్గం చేసేసరికి మూడు గొంతులూ సమానంగా జరగడం మీద మోజు పుడుతుంది. మనం వదిలించుకోవాలనుకున్న దిమ్మె కదలిక మళ్లీ అదే.

టై వస్తే ఇంటికి దగ్గరున్నది తీసుకో అన్న నియమం పెట్టాం. ఇల్లు అంటే మొదటి కార్డ్ స్వరాల సగటు, ఇక్కడ 63.67. కిందిదారి సగటు దానికి 1 దూరం, పైదారి 3 దూరం. లూప్ వెంటనే నిలబడింది.

బేస్ వేరు పడింది

ఇప్పుడు కొత్త ఫిర్యాదు: మెత్తగా ఉంది, కానీ ఎక్కడా దిగడం లేదు. న్యాయమే. ఎఫ్ అమరికలో అడుగున ఉన్నది సీ. అది రెండో ఇన్వర్షన్, తేలుతున్నట్టే ఉంటుంది. వాయిస్ లీడింగ్ గొంతుల్ని మాత్రమే చూస్తుంది, ఏది అడుగున పడిందో దానికి పట్టదు.

బరువు కోసం అతను మొత్తం కార్డ్‌ని రెండు ఆక్టేవ్‌ల కింద మరోసారి వాయించాడు: 36, 40, 43. గుడగుడలాడింది. 36 అంటే సుమారు 65 హెర్ట్జ్, 40 అంటే 82. తేడా 17 హెర్ట్జ్. అంత దగ్గరి కంపనాలను చెవి కింది స్థాయిలో విడదీయలేదు, గరగరగా వింటుంది. అవే రెండు స్వరాలు రెండు ఆక్టేవ్‌ల పైన, 60, 64 దగ్గర, 262, 330 హెర్ట్జ్. తేడా 68, శుభ్రంగా వినబడతాయి. అందుకే కింద ఎడంగా, పైన దగ్గరగా పేర్చడం పాత అలవాటు.

బేస్‌కి, అంటే అన్నిటికన్నా అడుగున నడిచే గొంతుకి, ప్రత్యేకంగా ఒక లైవ్ లూప్ ఇచ్చి మూల స్వరం మాత్రమే వాయించమన్నాను: 48, 45, 41, 43. దూరం లెక్కలోకి బేస్‌ని రానివ్వలేదు. బేస్ దూకితే చెవి ఒప్పుకుంటుంది, అది దూకడానికే ఉంది. ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఆ స్థాయి సరిగా వినపడదు కాబట్టి హెడ్‌ఫోన్ తప్పనిసరి చేశాను. బేస్ వినకుండా అమరిక నిర్ణయిస్తే, ఆ తర్వాత బేస్ అన్నిటినీ తారుమారు చేస్తుంది.

ఒక చిన్న ముచ్చట. బేస్ 41 నుంచి 43కి పైకెక్కుతుంటే పై మూడు గొంతులూ 60 నుంచి 59కి, 65 నుంచి 62కి, 69 నుంచి 67కి దిగుతున్నాయి. స్కేల్‌లో నాలుగో స్వరం మీది కార్డ్ (ఇక్కడ ఎఫ్) నుంచి ఐదో స్వరం మీది కార్డ్‌కి (ఇక్కడ జీ) వెళ్లేటప్పుడు బేస్‌కి ఎదురుగా పై గొంతుల్ని దించమని పాశ్చాత్య హార్మొనీ పాఠాల్లో చెప్పేది అచ్చం ఇదే. పైదారి పట్టి ఉంటే బేస్‌తో కలిసి సమాంతర ఐదో స్వరాలు, సమాంతర ఆక్టేవ్‌లు పడేవి, అంటే పై గొంతులు బేస్‌కి అదే దూరంలో ఉంటూ దానితోపాటే జరిగేవి. ఆ పాఠాలు వద్దనేది కూడా అదే. మా ఫంక్షన్‌కి ఈ నియమం తెలియదు. ఇంటికి దగ్గరుండమని చెబితే చాలు, ఈసారికి అదే చోటికి చేరింది.

సెవెంత్ కార్డ్స్ దగ్గర కుంగిన పాట

రెండో పాటకి అతను ఐదుల చక్రం (ఒక్కో కార్డ్ మూల స్వరం ముందుదానికి స్కేల్‌లో ఐదో స్వరం కింద) పట్టాడు, అన్నీ సెవెంత్ కార్డ్స్ (మూల స్వరం నుంచి ఏడోది కూడా చేర్చిన నాలుగు స్వరాల కార్డ్స్): సీ, ఎఫ్, బీ, ఈ (E), ఏ, డీ, జీ, మళ్లీ సీ. సీ మేజర్ స్కేల్ దాటకుండా. మొదటి చుట్టు హాయిగా ఉంది. కాసేపయ్యాక పాట బావిలోంచి వస్తున్నట్టుంది.

ఇక్కడ టై ఏమీ లేదు, కాబట్టి పాత మందు పని చెయ్యదు. ఈ చక్రం స్వభావమే అంత. ప్రతి మార్పులోనూ రెండు గొంతులు కదలకుండా ఉంటాయి, రెండు గొంతులు ఒక్కో మెట్టు దిగుతాయి. ఎక్కేది ఒక్కటీ లేదు. 60, 64, 67, 71 దగ్గర బయల్దేరిన సీ మేజర్ సెవెన్, ఏడు మార్పుల తర్వాత 55, 59, 60, 64 దగ్గర తేలుతుంది. మొత్తం 24 సెమీటోన్లు, అన్నీ కిందికే. రెండు చుట్లు తిరిగితే సరిగ్గా ఒక ఆక్టేవ్. అంటే అతి తక్కువ కదలికే ఇక్కడ జబ్బు.

మూడు మందులు ఆలోచించాం. చుట్టు మొదట్లో అమరికని రీసెట్ చేయడం సులువు, కానీ దూకుడు ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. శ్రోత దాన్ని వెంటనే లెక్కపెట్టడం మొదలుపెడతాడు. హద్దులు గీసి దాటనివ్వకపోవడం ఇంకోటి. అందులో దూకుడు హద్దు ఎక్కడ తగిలితే అక్కడ పడుతుంది, సంగీతంతో నిమిత్తం లేదు. మూడోది, దూరానికి తోడు ఇంటి నుంచి ఎంత జరిగిందో దానికీ ఖర్చు వేయడం. అంటే కదలికల మొత్తానికి, సగటుకీ ఇంటికీ ఉన్న తేడాని ఒక బరువుతో గుణించి కలపడం. ఇల్లు ఇక్కడ 65.5.

బరువు 1 పెట్టాడు. ఏమీ మారలేదు, పాట మునుపటిలాగే కుంగింది. బరువు తక్కువైతే నెమ్మదిగా కుంగుతుందనీ, ఎక్కడో ఒకచోట ఆగుతుందనీ అతని అంచనా. కాగితం మీద వేస్తే అలా కాదని తేలింది. దిగే దారికి ఖర్చు 4 లేదా 3. ఒక ఇన్వర్షన్ పైదారి దానికన్నా మొత్తం 12 సెమీటోన్లు పైన ఉంటుంది, కాబట్టి దాని ఖర్చు 8 లేదా 9. అంటే పైకెక్కాలంటే అదనంగా కనీసం 4 చెల్లించాలి. పైకెక్కినందువల్ల వచ్చే లాభం? నాలుగు గొంతుల సగటు 3 పెరుగుతుంది, లాభం 3 ఇంటూ బరువు. బరువు 1 ఐతే లాభం 3, ఖర్చు 4. ఇంటి నుంచి ఎంత దూరం కుంగినా ఈ బేరం మారదు. కాబట్టి ఎప్పటికీ ఎక్కదు. బరువు ఒకటింబావు పెట్టినా అంతే. 4ని 3తో భాగిస్తే వచ్చేది దాటితేనే పని మొదలవుతుంది.

బరువు 2 పెట్టాం. ఈ (E) మైనర్ సెవెన్ 59, 62, 64, 67 దగ్గర ఉంది. ఏ మైనర్ సెవెన్‌కి దిగే దారి 57, 60, 64, 67: ఖర్చు 4, ఇంటి దూరం 3.5కి 7, మొత్తం 11. ఎక్కే దారి 60, 64, 67, 69: ఖర్చు 8, ఇంటి దూరం 0.5కి 1, మొత్తం 9. ఎక్కింది. ఒక్కో గొంతు ఎంత కదిలిందో చూడండి: 1, 2, 3, 2. ఏ గొంతూ మూడు సెమీటోన్లు దాటలేదు. ఎక్కినట్టు చెవికి తెలుస్తుంది, కానీ అది దూకుడులా ఉండదు, ఊపిరి తీసుకున్నట్టుంటుంది. చివర జీ నుంచి సీకి 9కి 9 టై వచ్చింది. ఇంటికి దగ్గరున్నది తీసుకో అన్న పాత నియమం అక్కడ అక్కరకొచ్చి, బయల్దేరిన 60, 64, 67, 71 దగ్గరికే చేర్చింది. చుట్టు మొత్తానికి ఖర్చు 34. ఇల్లు పట్టుకుని ఉండటానికి చెల్లించిన ధర 10 సెమీటోన్లు. నా దృష్టిలో అది చవక.

బ్రౌజర్‌లో నడిచే స్ట్రూడెల్ అనే లైవ్ కోడింగ్ సాధనంలో ఇదే సమస్యని మరోలా తీర్చారు. అక్కడ వాయిసింగ్ ఫంక్షన్ ముందు కార్డ్‌ని చూడదు. యాంకర్ అని ఒక స్వరం ఇస్తే, మామూలుగా పైస్వరం దాన్ని దాటకుండా ఉండే అమరికని నిఘంటువులోంచి తీస్తుంది. అంతకుముందు అతి తక్కువ కదలిక వెతికే ఫంక్షన్ ఒకటుండేది, ఇప్పుడు దాని బదులు ఈ కొత్తదాన్నే వాడమంటారు. ముందు జరిగింది గుర్తుంచుకోనిది ఎప్పటికీ జారిపోదు, ఒకే కార్డ్‌కి ఎప్పుడూ ఒకే అమరిక వస్తుంది. మా కుర్రాడికి కూడా అది చూపించాను. రెండూ విని, గుర్తుంచుకునేదే కావాలన్నాడు. ఏ దారిన వచ్చామో దాన్నిబట్టి ఒకే ఏ మైనర్ రెండు రకాలుగా పలకడం అతనికి నచ్చింది. గాత్రం నేర్చుకున్నవాడు అలా అనడంలో ఆశ్చర్యం లేదు. లూప్ అంతటినీ ఒకేసారి చూసి అన్నిటికన్నా చవకైన చుట్టు వెతకడం కూడా చేయొచ్చు. రాసి పెట్టుకునే పాటకైతే అదే చెప్పేవాణ్ని. మోగుతుండగా కార్డ్ మార్చే పద్ధతికి అది పొసగదు, ఒక్క కార్డ్ మారిస్తే మిగతావన్నీ ఒక్కసారిగా చోటు మారతాయి.

మెత్తదనం వద్దనుకున్న చోట

లెక్క కుదిరినా వినడంలో ఒక లోటు మిగిలింది. సీ నుంచి ఏ మైనర్‌కి రెండు స్వరాలు మారవు, కానీ సోనిక్ పైలో స్వరాలు మోగించే ప్లే ఆదేశం పిలిచినప్పుడల్లా మూడూ కొత్తగా కొట్టుకుంటాయి. కదలని గొంతు కదలనట్టు వినపడాలి కదా. ప్రతి గొంతుకీ పొడుగ్గా మోగే సింత్ ఒకటి పెట్టి, కంట్రోల్ ఆదేశంతో దాని స్వరం మాత్రం మార్చి చూశాడు, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జార్చే నోట్ స్లైడ్‌తో సహా. గొంతులు జారుతూ నడిచాయి, అందంగానే ఉంది, కానీ తాళం మాయమైంది. చివరికి కదిలిన గొంతుల్నే కొత్తగా కొట్టి, కదలని వాటిని మోగనివ్వడం దగ్గర స్థిరపడ్డాడు. ఏ స్వరం మారిందో శ్రోతకి అదే చూపించినట్టయింది.

చరణం నుంచి పల్లవికి తిరిగొచ్చే చోట మాత్రం ఫంక్షన్ పాటని చంపేసింది. అక్కడ లేవాలి. మా ఫంక్షనేమో ఉన్న గొంతుల్లో రెంటిని కదపకుండా, మూడోదాన్ని ఒక్క అడుగు జరిపి ఊరుకుంది. పల్లవి వచ్చినట్టే తెలియలేదు. పల్లవి మొదటి కార్డ్‌కి మాత్రం ముందు అమరికని మరిచిపోమని, ఇంటిని 5 సెమీటోన్లు పైకి జరపమని చెప్పాం. ఇల్లు అనే అంకె అప్పటిదాకా జారకుండా ఆపే కొక్కెం. ఆ రోజు నుంచి అతను దాన్ని వాయించడం మొదలుపెట్టాడు. ప్రదర్శనలో కార్డ్స్ ముట్టకుండా ఆ ఒక్క అంకె మారుస్తాడు, నాలుగైదు కార్డ్స్ గడిచేలోపు గొంతులన్నీ నెమ్మదిగా అటు సర్దుకుంటాయి. ఐదుల చక్రం పాట ముగింపులో బరువుని 0 చేసి వదిలేస్తాడు. అదే కుంగుడు, ఇప్పుడు కావాలని.

స్వరాల సంఖ్య మారే చోట మాత్రం ఇంకా రాజీలోనే ఉన్నాం. మూడు స్వరాల సీ నుంచి నాలుగు స్వరాల జీ సెవెన్‌కి పోవాలంటే ఏ గొంతు రెండుగా చీలాలి? ప్రస్తుతానికి సెవెంత్ కార్డ్స్‌లో మూల స్వరాన్ని పైనుంచి తీసేసి, బేస్‌కి వదిలేసి, ఎప్పుడూ మూడు గొంతులే ఉంచుతున్నాం. బేస్ ఆగిపోయే బ్రేక్‌లలో జీ సెవెన్ కాస్తా బీ డిమినిష్డ్‌లా వినబడుతుంది. అక్కడ అతను నాలుగో స్వరాన్ని చేత్తో రాస్తాడు.